కౌలాలంపూర్‌లో నెలకు నిజంగా ఎంతవుతుంది: జీతం నుంచి డిపాజిట్ దాకా లెక్క వేసుకునే పద్ధతి

"అన్నా, కేఎల్‌లో ఆఫర్ వచ్చింది, నెలకు ఎంతవుతుంది?" అని అడిగినవాళ్లకు ఇదివరకు ఒక అంకె చెప్పి ఊరుకునేవాణ్ని. ఆ అంకె పట్టుకుని వచ్చినవాళ్లలో ఇద్దరు ముగ్గురు మూడో నెలకల్లా ఇండియా నుంచి డబ్బు తెప్పించుకోవాల్సి వచ్చింది. అంకె తప్పు కాదు, నేను చెప్పింది ఇల్లు కుదిరి, పన్ను సర్దుకుని, వంట మొదలైన తర్వాతి నెల ఖర్చు. వాళ్లు దిగింది మొదటి నెలలో.

అందుకని ఈసారి అంకెతో పాటు లెక్క వేసే వరుస కూడా రాస్తున్నాను. ఇది ఎంప్లాయ్‌మెంట్ పాస్, అంటే విదేశీ ఉద్యోగులకిచ్చే వర్క్ పర్మిట్ మీద ఉద్యోగానికి వచ్చే వాళ్ల కోసం. వారం రోజులు తిరిగి వెళ్లేవాళ్లకు ఇందులో పనికొచ్చేది తక్కువ. రేట్లన్నీ రింగిట్లలోనే ఇస్తున్నాను, ఏరియాను బట్టి కాస్త అటూఇటూ ఉంటాయి.

## 1. ముందు చేతికొచ్చే జీతం తేల్చండి

అందరూ ఖర్చుతో మొదలుపెడతారు. నేనైతే జీతంతో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే ఆఫర్ లెటర్‌లో ఉన్న అంకె మీ ఖాతాలో పడదు, మొదటి ఆరు నెలలైతే అసలు పడదు.

మలేషియాలో పన్ను ఏడాది జనవరి నుంచి డిసెంబరు. ఏడాదిలో 182 రోజులు దేశంలో ఉంటే రెసిడెంట్, శ్లాబుల ప్రకారం పన్ను. లేకపోతే నాన్ రెసిడెంట్, జీతం మీద నేరుగా 30 శాతం. కొన్ని కంపెనీలు కొత్తగా వచ్చినవాళ్లకు 182 రోజులు పూర్తయ్యేదాకా ఈ 30 శాతమే కోస్తాయి. తర్వాత రిటర్న్ వేస్తే ఎక్కువ కోసింది వెనక్కి వస్తుంది గానీ, అద్దె కట్టాల్సిన రోజున అది మీ చేతిలో ఉండదు కదా.

ఉదాహరణకు నెలకు 8,000 జీతం, భార్య, ఒక పాప అనుకుందాం.

- రెసిడెంట్ అయితే: మినహాయింపులు పోను పన్ను నెలకు సుమారు 450. ఈపీఎఫ్ 160. సోక్సో, అంటే ఉద్యోగుల సామాజిక బీమా, 30 లోపు. చేతికి సుమారు 7,360.
- 30 శాతం కోస్తే: పన్ను 2,400. మిగతా కోతలు అవే. చేతికి సుమారు 5,410.

తేడా దాదాపు 2,000. అంటే ఒక ఇంటి అద్దె.

ఆ ఈపీఎఫ్ మన ఇండియా పీఎఫ్ కాదు. ఇక్కడి ఉద్యోగుల పొదుపు నిధి కేడబ్ల్యూఎస్‌పీకే ఆ పేరు. 2025 అక్టోబరు నుంచి విదేశీ ఉద్యోగులకు కూడా తప్పనిసరి చేశారు, మీ జీతంలోంచి 2 శాతం, కంపెనీ 2 శాతం. అంతకుముందు వచ్చినవాళ్లు చెప్పే లెక్కలో ఈ కోత ఉండదు, గమనించండి.

ఆగస్టులోనో సెప్టెంబరులోనో దిగేవాళ్లకు ఇంకో చిక్కు. ఆ ఏడాది 182 రోజులు ఎలాగూ పూర్తికావు. అయితే డిసెంబరు చివర ఉన్న మీ నివాసం మరుసటి ఏడాదిలో వరుసగా 182 రోజులు లేదా అంతకన్నా ఎక్కువగా సాగితే, మొదటి ఏడాదిని కూడా రెసిడెంట్‌గానే లెక్కించే వీలుంది. ఆ మధ్యలో సొంత పనుల మీద ఊరు వెళ్లిన రోజులు మొత్తం 14 దాటకూడదు. సంక్రాంతికని మూడు వారాలు ఊళ్లో ఉండి ఈ అవకాశం పోగొట్టుకున్నవాణ్ని నేనే. టికెట్ బుక్ చేసేముందు వేళ్ల మీద లెక్కపెట్టుకోండి.

ఆఫర్ మీద సంతకానికి ముందు హెచ్‌ఆర్‌ను అడగాల్సినవి:

☐ మొదటి ఆరు నెలలు పీసీబీ, అంటే నెలనెలా కోసే పన్ను, ఏ రేటున కోస్తారు?
☐ పాస్, కుటుంబానికిచ్చే డిపెండెంట్ పాస్ ఫీజులు ఎవరివి?
☐ దిగాక ఎన్ని రోజుల హోటల్ ఇస్తారు?
☐ ఇన్సూరెన్స్ కుటుంబానికి కూడానా, నాకొక్కడికేనా? కాన్పు ఖర్చు అందులో ఉందా?
☐ ఏడాదికోసారి ఊరికి టికెట్ ఇస్తారా?
☐ ఇంటి డిపాజిట్ కోసం జీతం అడ్వాన్స్ దొరుకుతుందా?

చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు. అడగండి. చాలా కంపెనీలకు ఇది అలవాటైన విషయమే.

## 2. రెండు కాగితాలు పెట్టుకోండి

ఒక కాగితం మీద దిగిన కొత్తలో ఒక్కసారే అయ్యే ఖర్చు, ఇంకో కాగితం మీద కుదురుకున్నాక నెలనెలా అయ్యేది. ఈ రెండూ కలిపేస్తే ఏ లెక్కా తేలదు.

మొదటి కాగితం, 2,300 అద్దె ఇంట్లో దిగే ముగ్గురికి:

- ఇంటి డిపాజిట్లు, మొదటి అద్దె (మూడున్నర నెలలు): 8,050
- అగ్రిమెంట్ రాయింపు, స్టాంపు డ్యూటీ: 630
- ఇల్లు దొరికేదాకా రెండు వారాల బస, కంపెనీ ఇవ్వకపోతే: 2,500
- గిన్నెలు, పరుపు మీదికి దుప్పట్లు, ఇస్త్రీ పెట్టె, బకెట్ల దాకా: 1,800
- పాప బడి చేరిక ఫీజు: 1,200
- మొదటి జీతం పడేదాకా తిండి, తిరుగుడు: 3,500

మొత్తం దాదాపు 17,700. రింగిట్‌ను 21 రూపాయలుగా వేసుకుంటే దాదాపు 3.7 లక్షలు. రేటు మారుతూ ఉంటుంది, బయల్దేరే వారం చూసుకుని మళ్లీ గుణించుకోండి. ఒంటరిగా వచ్చి గది అద్దెకు తీసుకునేవాళ్లకు ఇందులో మూడో వంతు చాలు.

ఇంత డబ్బు చేతిలో లేకపోతే మొదట మీరొక్కరే రండి. రెండు నెలలు గదిలో ఉండి, ఇల్లు చూసి, అప్పుడు కుటుంబాన్ని తెచ్చుకోండి. అందరూ కలిసి దిగితే హోటల్ గదిలో పిల్లలతో ఇల్లు వెతకడం అవుతుంది, ఆ తొందరలో ఏ ఇల్లు చూపించినా సరేననేస్తారు.

## 3. ఇల్లు: సగం బడ్జెట్ ఇక్కడే తేలిపోతుంది

మిగతా అన్నింట్లో పొదుపు చేసి 300 మిగిల్చినా, ఏరియా ఎంపికలో తప్పు చేస్తే 1,500 పోతుంది. అందుకే దీనికి ఎక్కువ టైమ్ పెట్టండి.

ఏరియా. ఆఫీసు ఎక్కడో చూసి, ఆ రైలు లైన్ మీద ఇల్లు వెతకండి. ఆఫీసు బంగ్సార్ సౌత్‌లో అయితే కెలానా జయా ఎల్‌ఆర్‌టీ లైన్ మీద ఎక్కడున్నా సరే. సైబర్‌జయా అయితే పుత్రజయా ఎంఆర్‌టీ లైన్. మోంట్ కియారా విదేశీయులకు పేరుపడ్డ చోటే, బాగుంటుంది కూడా, కానీ నడిచి వెళ్లే దూరంలో మెట్రో స్టేషన్ లేదు. అద్దె ఒకవైపు, రోజూ గ్రాబ్ (మన ఓలా, ఊబర్ లాంటి యాప్) బండి ఇంకోవైపు, తడిసి మోపెడవుతుంది.

చేతి అంచనాకు అద్దెలు:

- కాండోలో (ఇక్కడ అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌ను అలా అంటారు) ఒక గది, మిగతావాళ్లతో కలిసి: 600 నుంచి 1,200
- సెంటుల్, చెరాస్, పెటాలింగ్ జయా వైపు మూడు పడకగదుల కాండో: 1,800 నుంచి 2,600
- కేఎల్‌సీసీ, అంటే ట్విన్ టవర్స్ ఉన్న చోటు దగ్గర స్టూడియో లేదా ఒక పడకగది: 2,000 నుంచి 3,500
- మోంట్ కియారాలో మూడు పడకగదులు: 3,500 నుంచి పైకి

బ్రిక్‌ఫీల్డ్స్ గురించి అందరూ అడుగుతారు. మన సరుకులు, గుడి, కేఎల్ సెంట్రల్ స్టేషన్, అన్నీ అక్కడే. పాత ఫ్లాట్లయితే అద్దె అందుబాటులోనే ఉంటుంది, కొత్త టవర్లు మాత్రం ఖరీదు. తెలుగు కన్నా అరవం ఎక్కువ వినిపిస్తుంది, అదేం ఇబ్బంది కాదు. రోడ్డు రద్దీ, రాత్రి శబ్దం తట్టుకోగలరో లేదో ఒక సాయంత్రం వెళ్లి నిలబడి చూసుకోండి.

ఫర్నిచర్. ప్రకటనల్లో ఫుల్లీ ఫర్నిష్డ్, పార్షియల్లీ ఫర్నిష్డ్ అని ఉంటుంది. పార్షియల్ అంటే ఒక్కో ఓనర్‌కు ఒక్కో అర్థం: ఒకచోట ఏసీ, వంటింటి అరలు, వాటర్ హీటర్ ఉంటే, ఇంకోచోట ఉత్త ఫ్యాన్లు. రెండేళ్లలోపు ఉంటామనుకుంటే 200 ఎక్కువైనా ఫుల్లీ ఫర్నిష్డ్ తీసుకోవడమే లాభం. కొన్న మంచం, ఫ్రిజ్ వెళ్లేటప్పుడు పావు ధరకు కూడా పోవు.

డిపాజిట్ లెక్క. మామూలుగా రెండు నెలల అద్దె సెక్యూరిటీ, అర నెల అద్దె కరెంటు నీళ్ల డిపాజిట్, ఒక నెల అద్దె ముందుగా. మొత్తం మూడున్నర నెలలు. బెంగళూరులో పది నెలల అడ్వాన్స్ ఇచ్చి వచ్చినవాళ్లకు ఇది తేలికగానే అనిపిస్తుంది, హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లకు కాస్త బరువు.

స్టాంపు డ్యూటీ. ఏడాది అద్దెలో ప్రతి 250 రింగిట్లకూ, ఏడాది అగ్రిమెంట్ అయితే 1 రింగిట్, ఏడాది దాటి మూడేళ్ల లోపు అయితే 3 రింగిట్లు. 2,300 అద్దెకు ఏడాదికి 27,600. రెండేళ్ల అగ్రిమెంట్ మీద 333. ఏజెంట్ చెప్పిన మొత్తం దీనికి బాగా ఎక్కువుంటే విడివిడిగా రాసిమ్మనండి, రాయింపు ఫీజు ఎంత, స్టాంపు ఎంత అని. స్టాంపు వేయించని అగ్రిమెంట్ రేపు డిపాజిట్ గొడవ వస్తే అక్కరకు రాదు.

డిప్లొమాటిక్ క్లాజ్. ఇది లేకుండా సంతకం చేయకండి. ఉద్యోగం పోయినా, పాస్ రద్దయినా, కంపెనీ వేరే దేశానికి పంపినా, సాధారణంగా 12 నెలలు గడిచాక రెండు నెలల నోటీసుతో డిపాజిట్ పోకుండా ఖాళీ చేసే హక్కు ఇది. ఏజెంట్ "అదంతా మామూలే సర్" అంటాడు. మామూలే అయితే రాయమనండి.

ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. కొందరు ఓనర్లు ఇండియన్ టెనెంట్లు వద్దంటారు, మసాలా వాసన అంటారు, ఇంకోటంటారు. ఫోన్‌లో మొదటి మాటలోనే "మేం ఇండియన్లం, రోజూ వండుకుంటాం, ఓనర్‌కు సరేనా?" అని అడిగేయండి. కోపం వస్తుంది, రావాలి కూడా, కానీ ఎండలో నాలుగు ఇళ్లు చూసి వచ్చాక ఆ మాట వినడం కన్నా ఇది నయం.

ఇల్లు చూసేటప్పుడు:

☐ ఏజెంట్‌కు ఆర్‌ఈఎన్ నంబరు, అంటే ఇళ్ల ఏజెంటుగా నమోదైన నంబరు ఉందా?
☐ ఇల్లు ఓనర్ పేరునే ఉందా? చుకై (ఇంటి పన్ను) రసీదు లేదా కొనుగోలు పత్రం కాపీ చూపించమనండి
☐ ప్రతి ఏసీ వేసి పది నిమిషాలు ఉంచి చూశారా?
☐ పొయ్యి గ్యాసా, ఇండక్షనా? సిలిండర్ పెట్టుకోనిస్తారా?
☐ కరెంటు, నీళ్లు ఇంటి రేటా, కమర్షియల్ రేటా? సర్వీస్డ్ రెసిడెన్స్ అనే టవర్లలో ఇది తప్పక అడగాలి
☐ మీ ఫ్లోర్‌కు ఏ ఇంటర్నెట్ కంపెనీ లైన్ ఉంది?
☐ కార్ పార్కింగ్ అద్దెలో కలిసిందా? కారు లేకపోతే ఆ స్లాట్ వదులుకుని అద్దె తగ్గించమని అడగొచ్చు
☐ గోడలు, నేల, ఫర్నిచర్ మరకలు వీడియో తీసి ఆ రోజే ఓనర్‌కు పంపారా?

ఇల్లు చూడకుండా, "ఇంకొకరు కూడా అడుగుతున్నారు" అని తొందరపెట్టినా సరే, ఒక్క రింగిట్ కూడా బదిలీ చేయొద్దు.

## 4. నెలవారీ బిల్లులు

కరెంటే ఇక్కడ అసలు బిల్లు. రాత్రి ఒక్క గదిలో ఏసీ వేస్తే 100 లోపు గడిచిపోతుంది. ఇద్దరు ఇంటి నుంచి పనిచేస్తూ పగలూ రాత్రీ రెండు ఏసీలు తిప్పితే 250, 300. నెలకు 600 యూనిట్లు దాటిందంటే ఆ పైవాటి మీద సేవా పన్ను కూడా పడుతుంది, కాబట్టి ఆ గీత దగ్గర జాగ్రత్త. ఏసీ 24 లో పెట్టి ఫ్యాన్ వేసుకోండి, అంతకు మించిన చిట్కా నాకు తెలీదు.

నీళ్లకు 10 నుంచి 30. గ్యాస్ సిలిండర్ ఇంటికి తెప్పించుకుంటే 30 కి అటూఇటూ, ముగ్గురికి నెలన్నర వస్తుంది.

ఫైబర్ ఇంటర్నెట్ 90 నుంచి 140. ఇక్కడ చిక్కంతా 24 నెలల ఒప్పందంతో. మధ్యలో మానేస్తే జరిమానా, ఇల్లు మారినా కొత్త బిల్డింగ్‌లో ఆ కంపెనీ లైన్ లేకపోతే అదే జరిమానా. అగ్రిమెంట్ ఏడాదే ఉన్న ఇంట్లో రెండేళ్ల ఇంటర్నెట్ తీసుకోకండి. ఫోన్‌కు ప్రీపెయిడ్ 30 నుంచి 45 చాలు, పోస్ట్‌పెయిడ్‌కు విదేశీయుల దగ్గర డిపాజిట్ అడుగుతుంటారు.

## 5. తిండి: ఇక్కడే లెక్క జారుతుంది

"కేఎల్‌లో తిండి చవక" అన్నమాట నిజమే, ఇక్కడివాళ్ల తిండి తింటే. మామక్ కొట్లో, అంటే తమిళ ముస్లింల హోటల్లో, రోటీ చనాయ్ (పరోటా లాంటిది) 2 రింగిట్లు, తెహ్ తారిక్ (పాల టీ) 2.50 నుంచి 3, నాసి చంపూర్ (అన్నం, కూరలు) ప్లేటు 9 నుంచి 12. ఆఫీసు మధ్యాహ్నం భోజనానికి రోజుకు 12 వేసుకుంటే సరిపోతుంది. అరిటాకు భోజనం శాకాహారమైతే 12 నుంచి 16.

మాల్‌లోకి వెళ్లారా, మెనూ మీది ధరకు 10 శాతం సర్వీస్ ఛార్జీ, 6 శాతం పన్ను కలుస్తాయి. 100 తిన్నామనుకుంటే బిల్లు 116. మెనూ చూసేటప్పుడే ఆరో వంతు కలిపి చదవడం అలవాటు చేసుకోండి.

శాకాహారులకు ఖర్చు కాస్త ఎక్కువే పడుతుంది. ఆకుకూర వేపుడులో కూడా రొయ్యల ముద్ద బెలాచాన్ వేస్తారు, సాంబల్‌లో ఎండు చేపలుంటాయి, "వెజిటబుల్" అంటే కూరగాయ ఉంది అని మాత్రమే అర్థం. దాంతో మన హోటళ్లకో, చైనీస్ శాకాహార కొట్లకో పరిమితమవుతారు. మధ్యాహ్నం డబ్బా తీసుకెళ్లడమే దీనికి మందు.

ఇంటి సరుకుల్లో మూడు పద్ధతులు పెట్టుకోండి.

మొదటిది, మన సరుకులు నెలకోసారి. సోనా మసూరి, కందిపప్పు, చింతపండు, ఇంగువ, ఇడ్లీ రవ్వ బ్రిక్‌ఫీల్డ్స్‌లోనో మస్జిద్ ఇండియా దగ్గరో దొరుకుతాయి. సోనా మసూరి ఇక్కడి బియ్యం కన్నా బాగా ఖరీదు. మా ఇంట్లో ఉప్మా, పులిహోర, దోసె పిండికి ఇక్కడి బియ్యం, భోజనానికి సోనా అని పంచుకున్నాం, తేడా పెద్దగా తెలియదు.

రెండోది, కూరగాయలు వారానికోసారి పసార్ మలామ్, అంటే సాయంత్రం సంతలో. ఒక్కో పేటలో వారానికి ఒక రోజు పెడతారు. సూపర్ మార్కెట్ కన్నా చవక, తాజాగా కూడా ఉంటాయి. పేర్లు నేర్చుకుంటే చాలు: బెండకాయ బెండి, వంకాయ తెరుంగ్, కాకర పెరియా, కరివేపాకు దావున్ కారి. బెండిని మాత్రం వేరే నేర్చుకోనక్కర్లేదు.

మూడోది, పాలు పెరుగు. లీటరు తాజా పాలు 7 నుంచి 9. రోజుకు లీటరు కాఫీలకీ పెరుగుకీ వాడే ఇల్లయితే నెలకు 250 దాకా పాలకే అవుతుంది, ఎవరూ ముందు చెప్పరు. కొన్న పెరుగు డబ్బా ఇంకా ఖరీదు, ఇంట్లో తోడేసుకోండి.

ముగ్గురున్న ఇంటికి సరుకులు 1,300, బయటి తిండి 500 అని పెట్టుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. ఒంటరివాళ్లకు అన్నీ కలిపి 820. మందు అలవాటుంటే ఈ లెక్కలో కలపలేదు, ఎక్సైజ్ పన్ను వల్ల బీరు కూడా ఇక్కడ భారీ ఖరీదు, దానికి వేరే గీత గీసుకోండి.

ఇండియా నుంచి తెచ్చుకోవాల్సినవి:

☐ అడుగున ఇండక్షన్‌కు పనికొచ్చే స్టీలు కుక్కర్ (ఉత్త అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద వేడెక్కదు)
☐ మిక్సీ. కరెంటు మనలాగే 230 వోల్టులు, ప్లగ్గు మాత్రం మూడు పలక పిన్నులది, అడాప్టర్ ఇక్కడే కొనండి
☐ పచ్చళ్లు, కారాలు, పొడులు, గట్టిగా ప్యాక్ చేసి
☐ కళ్లద్దాలు ఒక జత అదనంగా
☐ రోజూ వేసుకునే మందులు మూడు నెలలకు, డాక్టర్ చీటీతో

## 6. తిరగడం

రైళ్లు బాగుంటాయి. టచ్ ఎన్ గో కార్డు కొని డబ్బు వేసుకుంటే రైలు, బస్సు, టోలు అన్నిటికీ అదే. ఆఫీసుకు రోజూ రానుపోను 5 నుంచి 8 రింగిట్లు, నెలకు 150 చుట్టుపక్కల. ఇక్కడివాళ్లు 50 రింగిట్ల నెల పాస్ గురించి చెబుతారు, అది మలేషియా పౌరులకే. దాన్ని నమ్మి బడ్జెట్ వేసుకోకండి.

గ్రాబ్ ఊళ్లో 8 నుంచి 20. వాన పడితే, సాయంత్రం ఆరింటికి, పండగ ముందు రోజున రెట్టింపు. కేఎల్‌లో వాన పడేది కూడా ఎక్కువగా సాయంత్రమే మరి.

కారు సంగతి: మొదటి ఏడాది వద్దు. పెట్రోలు చవక అని విని ఉంటారు. 2025 సెప్టెంబరు చివరి నుంచి లీటరు 1.99 సబ్సిడీ ధర పౌరులకే, మనం కొనేది సబ్సిడీ లేని ధరకు. దానికి టోలు, ఆఫీసు పార్కింగ్ నెలకు 150 నుంచి 250, ఇన్సూరెన్స్ కలపండి.

## 7. పిల్లల బడి, డాక్టరు

చిన్నపిల్లల బడిని తాడికా అంటారు, నెలకు 500 నుంచి 900, మొదట్లో చేరికకు, పుస్తకాలకు, యూనిఫాంకు ఒకేసారి వెయ్యి పైన. పెద్ద పిల్లలకు ఎక్కువగా ప్రైవేటు బడే గతి. సీబీఎస్‌ఈ సిలబస్ ఉన్న బడులు ఉన్నాయి, ఇంటర్నేషనల్ బడుల కన్నా ఫీజు తక్కువ, కానీ సీట్లు తొందరగా నిండుతాయి, ఏరియా నిర్ణయించే ముందే బడికి ఫోన్ చేయండి. ఇద్దరు బడి పిల్లలుంటే ఈ వ్యాసంలో ఉన్న ఏ మొత్తమూ మీకు సరిపోదు, ఫీజులు పైన వేరుగా వేసుకోవాల్సిందే.

డాక్టరు: వీధి క్లినిక్‌లో జ్వరానికి మందులతో కలిపి 50 నుంచి 100. కంపెనీ ప్యానెల్ క్లినిక్ అయితే మీరు కట్టేదేం ఉండదు. ప్రభుత్వాసుపత్రిలో 1 రింగిట్ చీటీ అన్నది పౌరుల మాట, విదేశీయులకు రేటు వేరు. ప్రైవేటు ఆసుపత్రి బిల్లు మీద విదేశీయులకు 2025 జూలై నుంచి 6 శాతం సేవా పన్ను కూడా ఉంది. పళ్లు, కళ్లద్దాలు ఇన్సూరెన్స్‌లో సాధారణంగా రావు.

## 8. ఏడాది ఖర్చును పన్నెండుతో భాగించండి

ఇది చాలామంది వదిలేసే అడుగు. నెల ఖర్చు 6,450 (10వ అడుగులోని ముగ్గురి లెక్క, ఈ ఏడాది వాటా లేకుండా) అని మురిసిపోతూ ఉంటారు, దసరాకు టికెట్లు కొన్న నెల క్రెడిట్ కార్డు మీద పడతారు.

మా ఇంటి లాంటి ముగ్గురికి:

- ఊరికి ఒకసారి రానుపోను టికెట్లు: 3,300
- ఏసీల సర్వీసు, మూడు ఏసీలు, ఏడాదికి రెండుసార్లు: 600
- బట్టలు, పండగలు: 1,500
- బడి రెన్యువల్, పుస్తకాలు: 1,200

మొత్తం 6,600. నెలకు 550. జీతం పడ్డ రోజే ఇది వేరే ఖాతాకు మళ్లించండి.

## 9. ఇండియా గీత

ఇంటి ఈఎంఐ, ఎల్‌ఐసీ, అమ్మానాన్నల మందులు, చిట్టీ. ఇవన్నీ కేఎల్ ఖర్చు కాదు కాబట్టి లెక్కలో రాయరు, కానీ కట్టేది ఆ జీతంలోంచే. రూపాయల మొత్తం రాసి రింగిట్లలోకి మార్చి, మారకం రేటు పడిపోయినా తట్టుకునేలా 5 శాతం కలుపుకోండి.

బయల్దేరే ముందు బ్యాంకుకు వెళ్లి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌వోగా మార్పించి, పంపే డబ్బు కోసం ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవండి. ఆ బ్యాంకు ఖాతాలకున్న ఇండియా సిమ్ రోమింగ్‌లో బతికే ఉండేలా రీఛార్జ్ చేయించుకోండి, ఓటీపీ రాక ఇరుక్కున్నవాళ్లు కోకొల్లలు.

## 10. రెండు నమూనా నెలలు

ఒంటరిగా, కాండోలో గది, రాత్రి వంట:

- గది: 850
- కరెంటు, ఇంటర్నెట్ వాటా: 100
- తిండి మొత్తం: 820
- రైలు, అప్పుడప్పుడు గ్రాబ్: 250
- ఫోన్: 40
- దోబీ, సబ్బులు, క్షవరం: 120
- మందులు: 50
- సినిమాలు, షికార్లు: 200
- ఏడాది ఖర్చు వాటా: 300

మొత్తం 2,730. అనుకోని ఖర్చుల కోసం 10 శాతం కలిపి 3,000 అనుకోండి.

భార్యాభర్తలు, తాడికాకు వెళ్లే పాప:

- అద్దె: 2,300
- కరెంటు, నీళ్లు, గ్యాస్: 270
- ఇంటర్నెట్, రెండు ఫోన్లు: 200
- సరుకులు: 1,300
- బయటి తిండి: 500
- తాడికా: 700
- తిరుగుడు: 400
- మందులు, డాక్టరు: 150
- ఇంటి సామాను, నెలకు రెండుసార్లు శుభ్రం చేసే మనిషి: 330
- షికార్లు, పాప సరదాలు: 300
- ఏడాది ఖర్చు వాటా: 550

మొత్తం 7,000.

ఇప్పుడు మొదటి అడుగులోని జీతం పక్కన పెట్టి చూడండి. 8,000 జీతానికి రెసిడెంట్‌గా 7,360 చేతికొస్తే మిగిలేది 360, ఇండియా గీత ఇంకా గీయనే లేదు. 30 శాతం కోసే నెలల్లో 5,410 వస్తే నెలనెలా 1,590 లోటు. నన్నడిగితే ముగ్గురితో వచ్చి ఏదైనా వెనకేసుకోవాలంటే 10,000 తక్కువకు ఒప్పుకోవద్దు. ఒంటరిగా అయితే 6,000 కే హాయిగా మిగులుతుంది.

## 11. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

ప్రతిదీ రూపాయల్లోకి గుణించడం. మొదటి నెల టీ 60 రూపాయలని తాగరు, మూడో నెలకు విసుగొచ్చి అన్నీ కొనేస్తారు. జీతం రింగిట్లలో వస్తోంది, ఖర్చు కూడా రింగిట్లలోనే చూడండి. గుణకారం ఇండియాకు పంపేరోజు చేద్దురు గాని.

పాత స్నేహితుడి అంకెలు. 2022 లో వచ్చినవాడు చెప్పే అద్దె ఆ 2022 అగ్రిమెంట్‌ది. ఇవాళ్టి ప్రకటనలు పది చూసి, మధ్యలోది తీసుకోండి.

ఏసీ సర్వీసు రసీదులు దాచకపోవడం. నా మొదటి ఇంట్లో ఓనర్ డిపాజిట్‌లోంచి 700 పట్టుకున్నాడు, సర్వీసు చేయించలేదని. చేయించాను, రసీదు లేదు. అగ్రిమెంట్లలో ఆరు నెలలకోసారి టెనెంటే చేయించాలని సాధారణంగా ఉంటుంది. రసీదు ఫోటో తీసి ఓనర్‌కు ఆ రోజే పంపండి.

బడ్జెట్ దాటుతోంది, ఎక్కడో తెలియదు. మూడు వారాలు గ్రాబ్ యాప్‌లో బండి ఖర్చు, తిండి ఖర్చు విడివిడిగా రాయండి. పదిమందిలో ఎనిమిదిమందికి కన్నం అక్కడే ఉంటుంది. అక్కడ కాకపోతే కరెంటు బిల్లు చూడండి.

మొదటి అద్దె ఇంట్లోనే స్థిరపడిపోవడం. రెన్యువల్‌కు రెండు నెలల ముందు అదే బిల్డింగ్‌లో ఖాళీ ఫ్లాట్ల అద్దె చూడండి. తక్కువుంటే ఆ ప్రకటన ఓనర్‌కు చూపించి అడగండి. సరిగ్గా అద్దె కట్టే టెనెంటును వంద కోసం వదులుకునే ఓనర్లు తక్కువ.

## 12. వెళ్లిపోయేటప్పుడు అయ్యే ఖర్చు

మీరు దేశం విడిచి వెళ్తున్నారంటే కంపెనీ కనీసం 30 రోజుల ముందు సీపీ21 ఫారంతో పన్ను శాఖకు తెలియజేయాలి. పన్ను క్లియరెన్స్ లేఖ వచ్చేదాకా మీకు ఇవ్వాల్సిన చివరి జీతం ఆపుతారు. ఇంటి డిపాజిట్ ఖాళీ చేసిన రోజే చేతిలో పెట్టరు, చివరి బిల్లులు వచ్చాకే. అంటే సరిగ్గా సామాను పంపే ఖర్చు, టికెట్ల ఖర్చు ఉన్న నెలలో రాబడి సున్నా.

☐ రెండు నెలల ఖర్చు విడిగా ఉందా?
☐ ఓనర్‌కు నోటీసు రాతపూర్వకంగా ఇచ్చారా?
☐ హెచ్‌ఆర్‌కు సీపీ21 గుర్తు చేశారా?
☐ ఇంటర్నెట్ మానేసే నోటీసు ఇచ్చారా?
☐ ఖాళీ ఇంటి వీడియో, మీటర్ రీడింగ్ ఫోటో తీశారా?
☐ ఈపీఎఫ్ వెనక్కి తీసుకునే దరఖాస్తు గురించి అడిగారా?

బ్యాంకు ఖాతా మాత్రం విమానం ఎక్కే ముందు మూసేయకండి. డిపాజిట్, పన్ను రీఫండ్ రెండూ దాంట్లోకే రావాలి, అవి పడేదాకా మలేషియా సిమ్‌లో కూడా పది రింగిట్లు వేసి ఉంచండి.